చెవిలో పెట్టుకునే ముందు

కంటికి రెప్ప ఉంది. నోటికి పెదవులున్నాయి. చెవికి మాత్రం తలుపు లేదు. మనం నిద్రపోతున్నా అది తెరిచే ఉంటుంది. అటువంటి చెవికి మనిషి తానే ఒక తలుపు తయారుచేసుకున్నాడు. చెవి రంధ్రంలోకి దూరి, బయటి చప్పుడుని ఆపి, లోపల పాటనీ ఫోనులో మాటనీ వినిపించే ఇయర్‌ఫోను గురించే నేను చెబుతున్నది. ఇది మంచిదా, చెడ్డదా అని ఓ.పి.లో నన్నడగని రోజు లేదు. "వీడి చెవుల్లోంచి వాటిని పీకి పారెయ్యమని మీరైనా చెప్పండి డాక్టరుగారూ" అంటారు పెద్దవాళ్ళు. పిల్లలేమో నేనేం తీర్పు చెబుతానా అని నా ముఖం వంక చూస్తూంటారు.

పీకి పారెయ్యమని నేను చెప్పను. చెప్పినా వినరన్నది ఒక కారణం. అసలు కారణం మరొకటుంది. సరిగ్గా ఎంచుకుని, సరిగ్గా పెట్టుకుంటే ఈ పరికరం చెవిని కొంతవరకు కాపాడుతుంది కూడా. అదెలాగో తెలియాలంటే ముందు చెవి లోపల జరిగేది కాస్త తెలుసుకోవాలి.

కర్ణభేరికి అవతల, లోపలి చెవిలో, నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే భాగం ఉంది. దానిలో సుమారు 15,000 సూక్ష్మమైన కేశకణాలున్నాయి. శబ్దపు కదలికను నరానికి అర్థమయ్యే సంకేతంగా మార్చేవి ఇవే. తెగిన చర్మం అతుక్కుంటుంది, విరిగిన ఎముక కూడుకుంటుంది. కాని మనిషిలో చచ్చిన కేశకణం మళ్ళీ మొలవదు. పెద్ద శబ్దం ఎక్కువసేపు వింటే ఇవి ముందు అలిసిపోతాయి, తరవాత చచ్చిపోతాయి. మొదట దెబ్బతినేది సాధారణంగా 4,000 హెర్ట్జ్ దగ్గరి సన్నని శబ్దాలు వినే శక్తి. అందుకే ఇటువంటివాళ్ళు "వినపడుతోందండీ, కాని మాట స్పష్టంగా తెలియడంలేదు" అంటారు.

ఈమధ్య 26 ఏళ్ళ యువకుడొకడు వచ్చాడు. రాత్రి పడుకుంటే చెవుల్లో కీచురాయి అరిచినట్టు రొద అన్నాడు. ఉద్యోగానికి బస్సులో రోజూ వెళ్ళేటప్పుడు గంటన్నర, వచ్చేటప్పుడు గంటన్నర ప్రయాణం. చెవిలో వదులుగా వేలాడే రకం ఇయర్‌ఫోన్లు వాడేవాడు. అవి బయటి మోతని ఆపవు. కనక బస్సు చప్పుడుని మించేలా సౌండు పెంచేవాడు. పరీక్ష చేయిస్తే 4,000 దగ్గర గీత గుంటలోకి దిగినట్టు దిగిపోయి ఉంది. "మందు రాయండి సార్" అన్నాడు. ఆ కణాలను తిరిగి తెచ్చే మందు లేదని చెప్పవలసి వచ్చింది. పోయినది రాదు, ఉన్నది పోకుండా చూసుకోవడమే మిగిలింది, రొద కూడా చాలామందికి కాలక్రమాన అలవాటై బాధ తగ్గుతుంది అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "అయితే పాటలు మానెయ్యాలా?" అని అడిగాడు.

అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. పెద్దలకు 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల వరకు ఫరవాలేదని, పిల్లలకు 75 దాటకూడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క. 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా వినదగిన సమయం సగమైపోతుంది. 90కి వెడితే వారానికి 4 గంటలే. ఆ యువకుడు వింటున్నది వారానికి 18 గంటలు! బస్సు మోత 80 ఉందనుకోండి. వదులు ఇయర్‌ఫోనుతో పాట దాన్ని దాటాలంటే 90కి పోవాలి. చెవి రంధ్రాన్ని బాగా మూసే రకమైతే బయటి మోత 20 డెసిబెల్స్ పైగా తగ్గుతుంది. అప్పుడు 70లోనే పాట హాయిగా వినిపిస్తుంది. మూత వల్ల లాభం ఇదీ. మూతా పెట్టుకుని, సౌండూ పెంచితే మాత్రం ఆ లాభం లేదు.

ఈ రకానికీ మా వైద్యానికీ చుట్టరికం ఉంది. అమెరికాలో మీడ్ కిల్లియన్ అనే ఆయన 1983లో స్థాపించిన ఎటిమోటిక్ రిసెర్చ్ సంస్థ వినికిడి పరీక్షల కోసం చెవిలో అమర్చే ఇయర్‌ఫోన్లు తయారుచేసింది. తరవాత 1991లో సంగీతం వినేవారికోసం ఈఆర్-4 అనే రకాన్ని తెచ్చింది.

ఇక ఎంచుకోవడం సంగతి. ధర కన్నా ముఖ్యం చెవిలో దూరే తొడుగు. రబ్బరు తొడుగులు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తాయి. రెండు చెవుల రంధ్రాలూ ఒకే సైజులో ఉండాలని లేదు, కనక ఒక్కొక్క చెవికి విడిగా చూసుకోండి. స్పాంజి తొడుగు ఇంకా బాగా మూస్తుంది. దాన్ని వేళ్ళతో నలిపి సన్నగా చేసి, రెండో చేత్తో చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగి లోపల పెట్టి, అది ఉబ్బేవరకు పట్టుకోవాలి. పాట పెట్టకుండానే ఫాను చప్పుడు దూరమైనట్టుంటే సరిగ్గా కూర్చున్నట్టు. తబలా, డోలు మోత పలచగా వినిపిస్తే మూత సరిగ్గా పడలేదన్నమాట. సౌండు పెంచకండి, తొడుగు మార్చండి. నొప్పి పుడితే ఆ సైజు మీది కాదు.

బయటి చప్పుడుని మైకుతో పట్టి, దానికి ఎదురు తరంగం పుట్టించి చంపే రకం కూడా ఉంది. ఇంజను, ఫాను వంటి ఒకే తీరు మోతను అది బాగా తగ్గిస్తుంది. హారన్లు, పక్కవారి మాటలు అంతగా తగ్గించలేదు. డబ్బు పెట్టగలిగితే మంచిదే. లేకపోతే తొడుగు సరిగ్గా కుదిరినది చాలు.

ఫోను ఎక్కువ మాట్లాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. మీ చెవి ఎంత బాగా మూసినా అవతలివారికి ఒరిగేదేమీ లేదు, వారికి మీ మాట తెలియడం మైకు మీద ఆధారపడుతుంది. మైకు నోటికి దగ్గరగా ఉండే రకం చూసుకోండి. చెవులు మూసినప్పుడు మీ గొంతు మీకే కుండలోంచి వచ్చినట్టు వినపడుతుంది. అది జబ్బు కాదు. ఇబ్బందిగా ఉంటే మాట్లాడేటప్పుడు ఒక చెవిలోది తీసెయ్యండి, రెండో చెవిలో సౌండు పెంచకుండా.

చెవి కారేవారు, కర్ణభేరికి చిల్లు ఉన్నవారు, చెవిలో బూజు పట్టి వైద్యం పొందుతున్నవారు ఇవి పెట్టుకోకూడదు. మధుమేహం ఉన్నవారికి చెవిలో చిన్న పుండైనా ముదిరి ప్రమాదం కావచ్చు, కనక దురద, నొప్పి పుడితే ఉపేక్షించరాదు. ఒకరివి ఒకరు వాడకండి. రబ్బరు తొడుగులు తీసి సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టుకోండి. స్పాంజివి పాడవగానే మార్చండి. గులిమి సాధారణంగా దానంతటదే బయటికొస్తుంది. ఇయర్‌ఫోను దాన్ని లోపలికి నెట్టవచ్చు. అంతమాత్రాన పిన్నీసూ, అగ్గిపుల్లా పట్టుకోకండి. కాచిన నూనె అసలే వద్దు.

రోడ్డు దాటేటప్పుడూ, బండి నడిపేటప్పుడూ, రైలు పట్టాల దగ్గరా రెండు చెవులూ ఖాళీగా ఉండాలి. హారను వినపడకుండా చెయ్యడమే ఈ పరికరం చేసే పని, అది మరిచిపోకండి.

ఫోనులో సౌండు 60 శాతం దాటకుండా హద్దు పెట్టుకోండి. గంటకొకసారి కాసేపు చెవులకు విశ్రాంతినివ్వండి. ఇయర్‌ఫోను తీశాక చెవిలో హోరు, దిబ్బడ అనిపిస్తే ఆ రోజు మోతాదు మించిందని అర్థం. అది రోజూ వస్తూంటే వినికిడి పరీక్ష చేయించుకోండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే మాత్రం గులిమి అని ఊరుకోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. వెంటనే వైద్యం చేస్తే కొందరికి తిరిగి వస్తుంది. ఆలస్యమైతే ఆ అవకాశం తగ్గిపోతుంది.

పాట వినండి, ఆప్తులతో మాట్లాడండి. అరవై ఏళ్ళొచ్చాక మనవడి ముద్దుమాటలు కూడా ఈ చెవులతోనే వినాలి. వాటిని అప్పటిదాకా దాచుకోండి.