విత్తనానికి పనికిరాని గింజలు

తొలకరికి ముందు కదిరి చుట్టుపక్కల పల్లెల్లో ఏ ఇంటి పంచ చూసినా చెనిక్కాయల కుప్పే. నేను చెప్పేది 1980ల తొలినాళ్ల మాట. అప్పుడది అనంతపురం జిల్లా. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో ఆ వానను నమ్ముకుని వేసే పంట అదే. మా ఇంట్లో వేసింది తిండివనం నుంచి వచ్చిన టి.ఎం.వి.-2 రకం. చిన్న గింజ, కాయకు రెండేసి.

కాయలు ఒలిచే మరలు టౌన్లో ఉండేవి. అయినా మరలో పడితే గింజ పైపొర లేచిపోతుందని, విత్తనం కాయలను మాత్రం తాత చేత్తోనే ఒలిపించేవాడు. వీధిలోని ఆడవాళ్లంతా మా పంచలో చేరేవాళ్లు. కూలి శేరు లెక్కన. చేతులు కాయల మీద, నోళ్లు ఊరి మీద. ఎవరింట్లో ఏం జరిగిందో ఆ పది రోజుల్లో తెలిసినంత మాకు మళ్లీ ఏడాది పొడుగునా తెలిసేది కాదు.

ఎంత జాగ్రత్తగా ఒలిచినా కొన్ని గింజలు బద్దలవుతాయి. బద్ద మొలవదు. అలాంటివన్నీ అవ్వ వేరే చేటలో పోగేసేది. మేం తిన్న చెనిక్కాయ, బెల్లం ఉంటలన్నీ ఆ చేటలోంచి వచ్చినవే. మంచి గింజ చేనికి, విరిగిన గింజ పిల్లోళ్లకి. బద్దయినంత మాత్రాన రుచికేం లోటు లేదు కాబట్టి మేమెవరం దానిమీద తగవు పడలేదు.

ఏరే పని పిల్లలది. మా చెయ్యి చేట దగ్గర తక్కువ, నోటి దగ్గర ఎక్కువ ఉండేది.

“రేయ్, నోట్లోకి కాదు, చేటలోకి చూడు. నల్లవి, ముడుచుకపోయినవి తీసి పారెయ్. ఒక్క చేదుగింజ పడినా రోలంతా చెడిపోతాది” అనేది అవ్వ.

1960లో ఇంగ్లండులో దాదాపు లక్ష టర్కీ కోళ్లు చచ్చిపోయిన సంగతి అవ్వకు తెలిసే వీల్లేదు. వాటి దాణాలో కలిపిన చెనిక్కాయ చెక్కకు పట్టిన బూజే కారణమని తర్వాత తేలింది. ఆ బూజు విషానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. వేయించినా అది పూర్తిగా పోదు. పంట చివర్లో వాన మొగం చాటేస్తే చేన్లో ఉండగానే కాయకు పట్టుకుంటుంది. మా నేల మీద వాన మొగం చాటేయని ఏడు తక్కువ. అందుకే ఏరుడు విషయంలో అవ్వ పట్టుదల నాకిప్పుడు చాదస్తంగా కనిపించదు.

ఏరినవాటిని మంగలంలో సన్న సెగ మీద వేయించి, చల్లారాక అరచేతుల మధ్య నలిపి చెరిగేది. పొట్టుతోపాటు, గింజ మొనలో ఉండే చిన్న ముక్కు కూడా ఎగిరిపోయేది. బద్దలతో ఉన్న లాభం అదే. ముక్కు దానంతటదే ఊడొస్తుంది. ఆ ముక్కులో కాస్త చేదు ఉంటుంది.

తర్వాత రోలు. అమ్మ ఒక పోటు, చిన్నమ్మ ఒక పోటు. ముందు గింజలు బరకగా దంచి, అప్పుడు బెల్లం వేసేవాళ్లు. రెండు పాళ్ల గింజలకు ఒక పాలు బెల్లం. పాకం లేదు, నెయ్యి లేదు. చెనిక్కాయ గింజ బరువులో దాదాపు సగం నూనే. రోకటి పోటుకు అది బయటికొచ్చి, బెల్లం మెత్తబడి, పొడి ముద్ద కడుతుంది. అరచేయి మెరిసిందంటే ఆపాలి. ఇంకో నాలుగు పోట్లు పడితే ఉంట జిడ్డోడుతుంది. పాకం పట్టి పలకలుగా కోసే చిక్కీని తక్కువ చేయను గానీ, నా ఓటు దంచిన ఉంటకే. పాకంలో గింజ విడిగా, తీపి విడిగా తెలుస్తాయి. ఇందులో రెండూ ఒకటైపోతాయి.

విత్తే రోజున గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదిలే ఆడవాళ్లకు పొద్దెక్కాక తలా రెండు ఉంటలు, చెంబెడు మజ్జిగ. వంద గ్రాముల గింజల్లో 560 కేలరీలకు పైగా ఉంటాయని పుస్తకాలు చెబుతాయి. సంగటి పొద్దు దాకా అది చాలినంత ఆసరా.

బాలింత ఉన్న ఇంట ఇదే ఉంటకు హోదా పెరిగేది. నువ్వులు, ఎండు కొబ్బరి, రాయిలాంటి ఎండు ఖర్జూరం చేరేవి. అది ఉట్టి మీదికి వెళ్లేది, మాకు వాసనే దక్కేది.

ఇప్పుడు బెంగళూరులో మా అమ్మాయి కొనుక్కునే ఎనర్జీ బార్‌లో ఉండేవీ ఇవే. బెల్లం బదులు మెత్తటి ఖర్జూరం ముద్ద కడుతుంది. పైన “గ్లూటెన్ ఫ్రీ” అని అచ్చు. గ్లూటెన్ అనేది గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే ప్రొటీన్. రాగి సంగటి తిని పెరిగిన మా ఇంట్లో గోధుమ పండగ పూరీలకే కనబడేది, ఉంటల జోలికి ఎన్నడూ రాలేదు.

అయితే ఆ అచ్చు అందరికీ ఆర్భాటం కాదు. మా బంధువుల పాపకు సీలియాక్ జబ్బు. పిసరంత గోధుమపిండి తగిలినా పేగు దెబ్బతింటుంది. గింజల్లో, బెల్లంలో, ఖర్జూరంలో గ్లూటెన్ ఉండదు. భయమంతా పిండిమర దగ్గరే. ఉంటల్లో కలపడానికని రాగులో, వేయించిన పప్పులో గోధుమలు ఆడిన మరలోనే పోస్తే, ఆ గోధుమపిండి వాటిలో కలుస్తుంది. అలాంటి పిల్లలున్నవాళ్లు మరకు పంపకండి. ఇంట్లోనే దంచుకోండి. రోలు లేకపోతే ఆ పనికని ఒక మిక్సీ జారు వేరుగా పెట్టుకోండి.