పలక ఊళ్ళో, నాన్న క్యాంపులో

కువైట్‌లో మనకు సెలవు శుక్రవారం, ఊళ్ళో పిల్లలకు ఆదివారం. డ్యూటీ దిగి, స్నానానికి లైన్లో నిలబడి, ఫోన్ పట్టేసరికి అక్కడ రాత్రి తొమ్మిది దాటుతుంది. రెండున్నర గంటల తేడా మరి. నిద్రమత్తులో ఉన్న పిల్లాణ్ణి లేపి "ఏదీ, నోట్‌బుక్ చూపించు" అంటాం. వంకర అక్షరం కనబడగానే మన గొంతు లేస్తుంది.

ఇది వేరేవాళ్ళ సంగతి కాదు, మాదే. క్యాంపు ఆఫీసులో టైంషీట్లు రాసే గుమాస్తాలం మేమిద్దరం, రాత సంగతి మాకే తెలుసనుకున్నాం. మాలో ఒకరి అబ్బాయి ఒకటో తరగతి. "ఒక్కో అక్షరం పేజీ నిండా రాయించు" అని ఇంటికి ఆర్డరు వేశాం. వారం తిరక్కుండానే ఫోన్ మోగితే వాడు మంచం కిందికి దూరడం మొదలుపెట్టాడు. ఇంత దూరం వచ్చింది వాళ్ళ కోసమే, మన గొంతు వింటేనే వాళ్ళకు భయం!

సెలవుకు పోయినప్పుడు బడిలో టీచరమ్మ మెల్లగా చెప్పారు. ఆ వయసులో మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు, చెయ్యి తొందరగా నొప్పి పెడుతుంది. ముందు ఇసుకలోనో ముగ్గుపిండిలోనో వేలితో పెద్దగా గీయనివ్వాలి. తర్వాత పలక, ఆపైనే నోట్‌బుక్. ఆరేడేళ్ళ దాకా అక్షరం తిరగేసి రాయడం మామూలే. వరసగానే నేర్పాలని కూడా లేదట. 'వ' వచ్చిన చేతికి 'మ' సులువు. 'ద' వచ్చాక కింద చిన్న గీత పెడితే 'ధ', పొట్టలో చుక్క కూడా పెడితే 'థ'. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పట్టి దిద్దించాం కదా, ఆ ఒక్కరోజుతోనే మనం దాన్ని వదిలేశాం.

మా బ్లాకులో జగిత్యాల వైపు మేస్త్రీ అన్న ఒకాయన ఉన్నాడు. లీవు ఫారం మీద వేలిముద్రే వేస్తాడు. ఆయన బిడ్డ పలక మీద ఏదో రాసి ఫోటో పంపితే చదివిపెట్టమని మా దగ్గరికి తెచ్చాడు. 'నాన' అని ఉంది. చదివి వినిపించి, ఒత్తు లేదని చెప్పబోయాం.

"ఉండనియ్యి తమ్మీ, నన్నే పిలిచింది గదా" అన్నాడు.

ఇప్పుడు శుక్రవారం పొద్దున పాత టైంషీట్ల వెనక ఆ మాటే దిద్దుతున్నాడు. మొన్న ఆయన రాసింది ఫోటో తీసి ఇంటికి పంపాం. సాయంత్రానికి వాయిస్ మెసేజి వచ్చింది.

"నాన్నా, న మీద తలకట్టు మర్చినవ్."