ఆపితే లేయదన్నా!

పాత కంప్యూటర్‌ను పాతదైందని ఎవరూ నా దగ్గరికి తీసుకురారు, పని ఆగిపోయిందని తెస్తారు. ముచ్చటపడి పాత యంత్రాలను సేకరించి, తుడిచి, బీరువాలో పెట్టుకునేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. అనంతపురంలో ఆ సరదా తక్కువ. ఇక్కడ పెంటియం 4 ఇంకా కూడు పెడుతోంది కాబట్టి బతికి ఉంది.

టవర్ క్లాక్ చుట్టుపక్కల డీటీపీ సెంటర్లకు వెళ్లి చూడండి. పెండ్లి పత్రికలు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికల కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాన్ని నడిపే విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న చెల్లుచీటీ రాసేసింది. అయినా ఏండ్ల తరబడి కూడబెట్టిన ఫైళ్లు ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. యూనికోడ్‌లోకి మార్చబోతే ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట పడతాయి. తాడిపత్రి వైపు బండల లారీలు తూచే కాటాల దగ్గర ఇంకో చిక్కు. కాటా నుంచి వచ్చే తొమ్మిది పిన్నుల సీరియల్ వైరు గుచ్చుదామంటే కొత్త కంప్యూటర్‌కు ఆ పోర్టే ఉండదు. పాతది నడిచినన్నాళ్లూ యజమానికి మార్చాలన్న ఆలోచన రాదు. ఆగిన రోజు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

ఇన్నేండ్లుగా ఈ పెట్టెలు విప్పుతూ నేను గ్రహించింది ఒకటే. యంత్రానికి ముసలితనం ఒళ్లంతా ఒకేసారి రాదు. ప్రాసెసర్ పోవడం అరుదు. దాని లోపల అరిగేదీ లేదు, ఆరేదీ లేదు. ఫ్యాను, హార్డ్ డిస్కు అరుగుతాయి. కండెన్సర్లూ, ప్రాసెసర్ మీద పూసిన పేస్టూ ఆరిపోతాయి. బ్యాటరీ ఖర్చవుతుంది. ర్యామ్, కేబుళ్లు వదులవుతాయి. పెట్టె తెచ్చినవాళ్లు మాత్రం "బోర్డు పోయిందన్నా" అని తీర్పుతోనే లోపలికి వస్తారు. ఆ తీర్పును పక్కనబెట్టి, ఏ భాగానికి వయసు మీదపడిందో కనుక్కోవడమే అసలు పని.

వినే ఓపిక ఉంటే రోగం సగం యజమాని నోటే బయటపడుతుంది. ఒక డీటీపీ ఆయన చెప్పింది వినండి.

"పొద్దున లేయదన్నా. బటన్ నొక్కి నొక్కి ఏలు నొస్తాది. ఒక్కసారి లేసిందంటే మాత్రం రాత్రిదాకా ఏ రగడా ఉండదు. అందుకే ఆపడమే మానేసినా."

"రాత్రిళ్లు గూడా అట్లే పెడతాండావా?"

"పెట్టక ఏం చేస్తా? ఆపితే లేయదన్నా!"

మూత తీయకముందే వేలు కండెన్సర్ల వైపు చూపించింది. పెట్టెకు కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసర్ పక్కనుండే సర్క్యూట్ ఒకటిన్నర వోల్టు దరిదాపుకు దించుతుంది. సెకనుకు లక్షలసార్లు తెరిచి మూస్తూ దించుతుంది కాబట్టి కరెంటు విడతలు విడతలుగా వస్తుంది. ప్రాసెసర్‌కు కావలసింది నిలకడైన ధార. అనంతసాగరం చెరువు పేరుమీద వెలసిన ఊరివాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. పండమేరు వంకకు నీళ్లొస్తే ఒక్కసారే వస్తాయి, ఆయకట్టుకు మాత్రం తూములోంచి సమంగా పారాలి. మధ్యలో చెరువుండాలి. బోర్డు మీద ఆ చెరువు పని చేసేది కండెన్సర్.

దాని అల్యూమినియం డబ్బాలో ఉండేది చుట్ట చుట్టిన రెండు రేకులు, వాటి నడుమ ద్రవంలో నానిన కాగితం. ఆ ద్రవం అడుగునున్న రబ్బరు బిరడా గుండా ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. ఆరినకొద్దీ లోపలి నిరోధం (ఈఎస్సార్) పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఇంకా పెరుగుతుంది, వేడెక్కితే కాస్త తగ్గుతుంది. అందుకే పొద్దున మొండికేసి, నాలుగుసార్లు నొక్కి వెచ్చబడ్డాక లేస్తుంది.

కండెన్సర్ డబ్బా మీద 105 డిగ్రీలు అని రాసి ఉంటుంది. ఆ వేడిలో 2000 గంటలు నడుస్తుందని కంపెనీవాడు హామీ ఇచ్చాడనుకోండి. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్నది ఈ పనిలో అందరూ వాడే లెక్క. ఆ ప్రకారం 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు. రోజుకు పది గంటలు నడిపితే ఎనిమిదేండ్లకు పైనే వస్తుంది. రాత్రింబవళ్లు నడిపితే మూడున్నరేండ్లకు కొంచెం పైన. ఆపితే లేయదని ఆపకుండా ఉంచిన మనిషి, లేయకపోయే రోజును తానే ముందుకు లాక్కుంటున్నాడన్నమాట. మే నెలలో మన దగ్గర నీడలోనే నలభై దాటుతుంది, మూసిన పెట్టెలో అంతకు ఎంతో పైన. లెక్కలో చల్లదనం వైపు చేర్చుకోవడానికి మనకు పెద్దగా ఏమీ మిగలదు.

దీనికి తోడు ఆ కాలపు బోర్డులకు పుట్టుకలోనే ఒక శాపం ఉంది. 1999 నుంచి 2007 దాకా ప్రపంచమంతటా నాసి కండెన్సర్లు బోర్డుల్లోకి వచ్చిపడ్డాయి. నీటి పాలు ఎక్కువున్న ద్రవంలో, అల్యూమినియాన్ని కాపాడే రసాయనాలు సరిగా కలపలేదు. నీరు లోహాన్ని తిని హైడ్రోజన్ వాయువు పుట్టించింది, డబ్బాలు ఉబ్బాయి. ఎవరో ఫార్ములా దొంగిలించి, అదీ సగమే దొంగిలించారని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. పేరున్న కంపెనీలూ తప్పించుకోలేకపోయాయి. ఆప్టిప్లెక్స్ కంప్యూటర్ల బోర్డులు మార్చడానికని డెల్ 2005లో 30 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది. కండెన్సర్ నెత్తిమీద గీసిన గాటు అలంకారం కాదు. లోపల ఒత్తిడి పెరిగితే డబ్బా పేలకుండా అక్కడ చీలాలని పెట్టిన ఏర్పాటు. ఆ గాటు చదునుగా ఉండాలి. వేలితో తడిమితే ఉబ్బెత్తుగా తగిలినా, గోధుమరంగు పొక్కు కనబడినా దాని పని అయిపోయినట్టే. చదునుగా ఉన్నవన్నీ బాగున్నాయనీ కాదు. ఉబ్బకుండా ఆరిపోయినవి ఈఎస్సార్ మీటరుకే దొరుకుతాయి.

మార్చడం చూసినంత సులువు కాదు. మదర్‌బోర్డులో పొరల మధ్య రాగి రేకులు ఉంటాయి. రేడియోకు వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ పెడితే వేడంతా రాగే మింగేస్తుంది, సీసం కరగదు. కాస్త ఎక్కువ వాట్లది కావాలి. పాత సీసానికి కొంచెం కొత్త సీసం తగిలించి, ఒక కాలు కరిగించి డబ్బాను అటు వంచాలి, ఇంకో కాలు కరిగించి ఇటు వంచాలి. అలా ఊపుతూ ఊపుతూ బయటికి తీయాలి. ఊడబీకితే రంధ్రం గోడకున్న రాగి గొట్టం కూడా ఊడి వస్తుంది, అప్పుడు బోర్డు నిజంగానే పోతుంది. కొత్తదాని మైనస్ చార కాలు బోర్డు మీది మైనస్ గుర్తులోకే దిగాలి. ఆ గుర్తు పెట్టే తీరు బోర్డు బోర్డుకూ మారుతుంది కాబట్టి, తీయకముందే ఫోన్‌తో ఫోటో తీసుకోవడం మంచిది.

కండెన్సర్ విలువ అదే ఉండాలి, వోల్టేజి అదే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం లో ఈఎస్సార్ రకం కావడం. మామూలు రేడియో షాపులో అంకెలు చూసి తెచ్చి వేస్తే కొన్నాళ్లు నడిచి మళ్లీ ఉబ్బుతుంది. మంచి సరుకు కావాలంటే అనంతపురం వాళ్లకు బెంగుళూరు ఎస్పీ రోడ్డే దిక్కు. హైదరాబాద్ మన రాజధానిగా ఉన్న రోజుల్లోనూ మన బస్సు బెంగుళూరుకే ఎక్కువ పోయేది.

ఎస్‌ఎంపీఎస్ విప్పేవాళ్లకు ఒక హెచ్చరిక. ప్లగ్గు పీకినా దాని పెద్ద కండెన్సర్లలో 300 వోల్టులకు పైగా కాసేపు నిలిచి ఉంటాయి. పచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే ఫ్యాన్ తిరిగింది, కాబట్టి ఎస్‌ఎంపీఎస్ బాగుందని చాలామంది సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. ఫ్యాన్‌కు కావలసిన కరెంటు ఎంత? బోర్డు బరువు మీదపడ్డాక పసుపు వైరులో 12 వోల్టులు, ఎర్ర వైరులో 5 వోల్టులు ఐదు శాతం తేడాలోపు నిలబడతాయా అన్నది అసలు పరీక్ష. పల్లెల్లో బోరు మోటార్లన్నీ ఒకేసారి ఆన్ అయితే వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి తగ్గితే అదే పనికి ఎస్‌ఎంపీఎస్ ఎక్కువ కరెంటు లాక్కుంటుంది. దాంతో వేడి, వేడితో పాటు వయసు.

కొన్ని రోగాలు వేషం మార్చుకుని వస్తాయి. "నెట్ రావడం లేదన్నా, ఏ సైటూ తెరుచుకోదు" అంటారు. కేబుల్ సరిగానే ఉంటుంది. మూల గడియారం చూస్తే 2002 జనవరి ఒకటి! సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి పోయింది. సైటు సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని బ్రౌజర్ తలుపు మూసేసింది. మూడు వోల్టుల బిళ్ల మారిస్తే నెట్ వచ్చేస్తుంది. డిస్‌ప్లే రాకుండా బీప్ మోగితే మాత్రం నాకు సంతోషమే, అరవగలిగిన బోర్డు బతికే ఉంది. ర్యామ్ తీసి, దాని బంగారు పూత పండ్లను పిల్లల రబ్బరుతో రుద్ది పెడితే తేలిపోయే కేసులు కొల్లలు.

ఈ కరువు నేల కంప్యూటర్లకు ఒక మేలూ చేసింది. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే చోట తుప్పు నెమ్మది. సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలి తినేసే స్క్రూలు ఇక్కడ నిగనిగలాడుతుంటాయి. బదులుగా దుమ్ము. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టాలి, లేకుంటే గిర్రున తిరిగి బేరింగు అరుగుతుంది. మూలిగే ఫ్యాన్‌కు స్టిక్కర్ కింద ఒక్క చుక్క కుట్టుమిషన్ నూనె చాలు. కొబ్బరినూనె వేస్తే దుమ్ముతో కలిసి జిగురవుతుంది.

హార్డ్ డిస్కు టిక్కు టిక్కుమంటే మాత్రం నేను స్క్రూడ్రైవర్ పట్టుకోను. ముందు ఫైళ్లు దించుకోమంటాను. కండెన్సర్ ఎస్పీ రోడ్డులో దొరుకుతుంది, ఊళ్లోవాళ్ల పెండ్లిపత్రికలు దొరకవు. బాగుచేయడమంటే యంత్రానికి నాలుగేండ్ల గడువు ఇప్పించడమే. ఆ గడువులో కాపీలు తీసి, కొత్తదానికి మెల్లగా మారేవాడు తెలివైనవాడు. మారనివాడు మళ్లీ నా దగ్గరికే వస్తాడు, నాకేం అభ్యంతరం లేదు.