కథల బజారులో పుట్టిన కథానాయకులు

పెషావర్‌లో కిస్సా ఖ్వానీ అని ఓ పాత బజారుంది. కథలు చెప్పేవాళ్ల బజారని అర్థం. వెనకటికి బిడారు వర్తకులు అక్కడ దిగి, కాహ్వా తాగుతూ కథలు వినేవారట. అలాంటి చోట హీరోలు పుట్టారంటే ఆశ్చర్యమేముంది?

ఆ బజారును ఆనుకున్న మొహల్లా ఖుదాదాద్‌లో 1922 డిసెంబరు 11న పళ్ల వ్యాపారి గులాం సర్వర్ ఖాన్ గారింట యూసుఫ్ పుట్టాడు. ఆ యూసుఫే మన దిలీప్ కుమార్! రెండేళ్లకు, 1924 డిసెంబరు 14న, దగ్గర్లోనే ఢక్కీ నల్‌బందీలో తాతగారు కట్టించిన హవేలీలో రాజ్ కపూర్ పుట్టాడు. ఇంత దగ్గరివాళ్లూ కలిసి నటించింది ఒక్క 'అందాజ్' (1949)లోనే!

దిలీప్‌కి మనతోనూ చుట్టరికముంది. ఎన్టీఆర్‌తో 'రాముడు భీముడు' (1964) తీసిన తాపీ చాణక్యే, దాన్ని హిందీలో ఆయనతో 'రామ్ ఔర్ శ్యామ్' (1967)గా తీశారు.

ఈ బజారుకి నెత్తుటి కథా ఉంది. 1930 ఏప్రిల్ 23న నిరాయుధులైన జనం మీద బ్రిటిషువాళ్లు ఇక్కడే కాల్పులు జరిపించారు. చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయన వెంట ఉన్న సిపాయిలు మాత్రం తుపాకులు పేల్చబోమన్నారు.

మరి ఆ ఇళ్లో? మరమ్మతుల్లేక ఏళ్ల తరబడి శిథిలమవుతూ వచ్చాయి. 2014లో పాకిస్తాన్ ప్రభుత్వం దిలీప్ ఇంటిని జాతీయ వారసత్వంగా ప్రకటించింది. 2021లో అక్కడి రాష్ట్ర ప్రభుత్వం మ్యూజియంలు చేస్తామంటూ హవేలీకి కోటిన్నర, దిలీప్ ఇంటికి 80 లక్షల పాకిస్తానీ రూపాయలు వెల కట్టింది. యజమానులు చాలదన్నారు!

రాజ్ 1988లో ఢిల్లీలో, దిలీప్ 2021లో ముంబయిలో కన్నుమూశారు. పుట్టినింటి గోడలైనా దక్కితే, ఆ బజారుకి చెప్పుకోవడానికి మరో రెండు కథలుంటాయి.