మందు దట్టించిన చేతులు

మా ఇంట్ల ఎన్నడూ తుపాకి లేదు. కానీ తుపాకి మందు తెలివి మాకు మూడు తరాలది. మా తాత ఊరి దొర భర్మారుకు మందు దట్టించిండు. మా నాయిన గోదావరిఖని బొగ్గుబాయిల మందుపెట్టె మోసిండు. నేను షాట్‌ఫైరర్‌నై మందు పేల్చిన. దట్టించే చెయ్యికి పేల్చే హక్కు రావడానికి మూడు తరాలు ఎందుకు పట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్న.

భర్మారు అంటే మూతి నుండి నింపే నాటు తుపాకి. మడమ నేలకు ఆనించి, మూతి పైకి పెట్టి, కొలత గొట్టంతోని నల్లమందు పోయాలె. పైన పాతగుడ్డ పేలిక పెట్టి ఇనుప చువ్వతోని కూరాలె. ఆ మీద సీసం గుండ్లు, మళ్లా పేలిక. ఆఖరుకు గుర్రం కింది ముక్కు మీద రాగి టోపీ పెడితే తుపాకి తయారు. నల్లమందు అంటే సూరేకారం, గంధకం, బొగ్గు. బొగ్గంటే మా బాయి బొగ్గు గాదు, కట్టెబొగ్గు. జిల్లేడు బొగ్గు తేలికగ ఉంటది, జల్ది అంటుకుంటది. మందుకు తడి తాకొద్దు. అన్నిటికన్న పెద్ద సంగతి, మందుకూ గుండుకూ నడుమ సందు ఉండొద్దు. సందుంటే గొట్టమే పగులుతది. “సందు ఇస్తే మందు మన మీదికే తిరుగుతది” అని తాత అనేటోడట.

ఈ విద్య తాతకు వెట్టి నేర్పింది. దొర వేటకు పోతే మా వాడ మొగోళ్లంత డప్పులు కొట్టుకుంట జంతువులను ఎదురు తోలాలె. తాత మందుతిత్తి పట్టుకొని దొర వెనక నడవాలె. ఆ తిత్తి కూడ తంగెడు చెక్క నీళ్లల్ల ఊరబెట్టి మా వాడలనే తయారుచేసిన తోలుతోని కుట్టిందే. దొర కాల్చి ఖాళీ తుపాకి వెనక్కిస్తడు. తాత నింపి ముందుకిస్తడు. కొట్టిన పేరు దొరది. మోసుడు, తోలు తీసుడు మాది. వేట అయినంక గొట్టాన్ని వేడినీళ్లతోని కడిగి నూనె రాయాలె. నల్లమందు కాలితే సగానికి పైగా మసే మిగుల్తది, కడగకుంటే ఇనుము తుప్పు పడ్తది.

తాత చెయ్యి తాకిన తుపాకిని దొర భుజానికీ చెంపకూ ఆనించుకునేటోడు. తాత చెయ్యి తాకిన ముంతను మాత్రం గడి లోపలికి రానిచ్చేటోడు కాదు. తుపాకికి అంటని అంటు ముంతకు ఎట్ల అంటింది? అంటరానితనం శాస్త్రాల ముచ్చట అనేటోళ్లు ఈ ఒక్కదానికి జవాబు చెప్పాలె.

ఒకనాడు కాల్చిన గొట్టంల నిప్పురవ్వ మిగిలున్నది. చల్లారనియ్యకుండ దొర తొందర పెట్టిండు. మందు పోయంగనే భగ్గుమన్నది. తాత కుడిచేతి రెండు వేళ్లు పోయినయి. “దొర ముందుగాల తుపాకినే చూసుకున్నడు బిడ్డా, మీ తాతను తర్వాత చూసిండు” అని అవ్వ చెప్పేది.

1946 నుండి 1951 దాకా నడిచిన తెలంగాణ సాయుధ పోరాటంల ఈ భర్మార్లే గడీల మీదికి తిరిగినయి. ఆ పోరాటం మీద నాకు దొరికిన పుస్తకాలల్ల తుపాకి పట్టినోళ్ల పేర్లున్నయి. మందు నూరినోళ్ల పేర్లు ఎంత వెతికినా దొరకలే.

షాట్‌ఫైరర్ పరీక్షకు చదివే రోజుల్ల పేలుడు మందుల చరిత్ర కూడ చదివిన. అమెరికాల 1873 నాటి వించెస్టర్ తుపాకి ఉన్నది. కింది మీట ఆడిస్తే ఖాళీ తూటా బయటికి దుంకుతది, కొత్తది లోపలికి ఎక్కుతది. దాని ఇత్తడి తూటాల 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాములకు జరంత ఎక్కువ నల్లమందు పడుతది. పేలిన ఇత్తడిని కడిగి, టోపీ మార్చి, మందు పోసి, సీసం గుండు బిగించి మళ్లా వాడుకునేటోళ్లు అక్కడ ఇయ్యాల్టికీ ఉన్నరు. అక్కడ కూడ మందు మీద గుండు బిగువుగ కూసోవాలె, సందు ఉండొద్దు. మా తాత మాటనే! వాళ్లు సరదాకు చేసుకుంటరు, దాని మీద పుస్తకాలు రాసుకుంటరు. అదే పని తాత చేస్తే వెట్టి అయింది. వాళ్లది విద్య, మాది చాకిరి. పనిల తేడా లేదు, పనిచేసిన మనిషిని చూసే చూపుల ఉన్నది.

నాయిన 1960లల్ల ఊరిడిచి గోదావరిఖనికి వచ్చిండు. ముందు తట్టా చెమ్మస్ పని, తర్వాత మందుపెట్టె మోసుడు. బొగ్గుబాయిల నల్లమందు పనికిరాదు. దాని మంట పొడుగు, మీథేన్ గాలినీ బొగ్గుధూళినీ అంటిస్తది. అందుకే ఉప్పు కలిపి మంట వేడిమి తగ్గించిన పర్మిటెడ్ మందు వాడుతరు. బొగ్గుగోడకు డ్రిల్లుతోని బొక్క వేసి, మందు గొట్టాలను కట్టెతోనే లోపలికి నెట్టాలె. ఇనుము తాకించొద్దు. డిటోనేటర్ పెట్టినంక మట్టిముద్దలతోని మూతి బిగించాలె. బిగువు తక్కువైతే మంట బొక్కల నుండి ఎదురు తన్నుతది. నాయిన నోట మళ్లా తాత మాటనే: సందు ఇయ్యొద్దు. మట్టి దట్టించుట్ల ఆయనను మించినోడు లేడని తోటి కార్మికులు అనేటోళ్లు.

కానీ ఎక్స్‌ప్లోడర్ పిడి షాట్‌ఫైరర్ దగ్గరనే ఉండాలె. అది రూలు, మంచి రూలే. సర్టిఫికెట్ ఉన్నోడే పేల్చాలె. సర్టిఫికెట్‌కు చదువు కావాలె. ఆ చదువును మా వాడ దాకా రానియ్యనిది ఎవరన్నదే నా కొట్లాట.

ఒక షిఫ్టుల షాటు పేలలే. కొత్తగ వచ్చిన షాట్‌ఫైరర్ చూసొస్తనని లేచిండు. నాయిన అడ్డం నిలబడ్డడు. “నిప్పు లేదని మీరెట్ల అంటరు సారూ, జర ఆగుండ్రి.”

“పెట్టె మోసేటోనివి నాకు చెప్తవారా? మీ వాడోళ్లకు నోళ్లు బాగ లేస్తున్నయి” అన్నడు ఆయన. అన్నడు గానీ ఆగిండు.

అప్పటి 1957 బొగ్గుగనుల రెగ్యులేషన్లు అదే చెప్పేటియి. కరెంటుతోని పేల్చిన షాటు తప్పితే అయిదు నిమిషాలు ఎవ్వరూ పోవద్దు. పేలని మందును గుంజొద్దు. కనీసం 30 సెంటీమీటర్ల దూరంల ఇంకో బొక్క వేసి పేల్చాలె. నాయిన ఆ పుస్తకం చదవలే. తాత వేళ్లు చూసిండు. షిఫ్టు రిపోర్టుల నిబంధనల ప్రకారం చేసినమని రాసుకున్నరు. నాయిన మాట అందుల లేదు.

నాకు సర్టిఫికెట్ 1989ల వచ్చింది. పిడి నా జేబులకు వచ్చినంక, మందుపెట్టె మోసే మనిషిని ‘అన్నా’ అనే పిలిచిన. మట్టి ఎవరు దట్టించిన్రో నా నోటుబుక్కుల పేరు రాసిన. రూలు అది అడగది. నేను రాసిన.

ఇప్పుడు పనులు మారినయి. మా దిక్కు అడ్రియాల లాంగ్‌వాల్ బాయిల 2014 నుండి మిషనే బొగ్గు కోస్తున్నది. ఓపెన్‌కాస్టులల్ల పెద్దపెద్ద బొక్కలు పేలుస్తున్నరు. అక్కడ పిడి పట్టినోళ్లెవరు, పెట్టె మోసేటోళ్లెవరు? చదువుకునే తమ్ముళ్లు, చెల్లెండ్లు పోయి చూడుండ్రి. మీ ఇండ్లల్ల కూడ అడుగుండ్రి. మనోళ్లు తయారుచేసి ఇచ్చిన పనిముట్లు ఏంటియి, వాటిని వాడుకొని పేరు తెచ్చుకున్నది ఎవరు? చెప్పేటోళ్లు బతికుండంగనే రాసుకోండ్రి. మా తాతను నేను అడగలేకపోతిని. నేను పుట్టకముందే పోయిండు. అవ్వ యాదికి ఉన్నంతనే నాకు దక్కింది.