రెండు జెండాలు, ఒకే మైదానం

విశాఖపట్నంలో సాయంత్రం రైలెక్కి, మరునాటి ఉదయం హుగ్లీ నది మీది హౌరా వంతెనను దాటి కలకత్తా మహానగరంలో అడుగుపెట్టినప్పుడు మా ముగ్గురి మనసుల్లోనూ ఒకే చిక్కుప్రశ్న మెదలుతున్నది. శిక్షణ కార్యక్రమం సోమవారం నాడు ప్రారంభం కానున్నది. ఆదివారం పూర్తిగా మాదే. 2001లో ఈ నగరం కోల్‌కతా అని అధికారికంగా పేరు మార్చుకున్నప్పటికీ, మన నోటికి అలవాటైన పాత పేరునే ఇక్కడ వాడుతున్నాము. పాఠకులు మన్నింతురుగాక.

మా చిక్కు ఏమిటో ముందుగా మనవి చేస్తాము. మా టౌన్‌షిప్‌లో ఫుట్‌బాల్ మైదానం ఒక్కటే, ఆడే క్లబ్బులు రెండు. ఒకటి కొండవైపు సెక్టార్ల వారిది, రెండవది కర్మాగారం గేటువైపు సెక్టార్ల వారిది. క్రిందటి సంవత్సరం అంతిమ పోటీ ముగిసిన తరువాత జరిగిన ఘర్షణలో ఇద్దరు కుర్రవాళ్ళ తలలు పగిలాయి. నాటి నుంచి మైదానానికి నడుమ కంచె వేసి చెరిసగం పంచాలనే వాదం బయలుదేరింది. సగం మైదానంలో ఆట సాగదని ఇరుపక్షాల వారికీ తెలుసు. అయినా ఎదుటివారికి పూర్తిగా దక్కకుండా పోతే అదే పదివేలు అనుకునే స్థితికి వ్యవహారం వచ్చింది. క్రీడాసంఘ సభ్యులుగా ఆ ప్రతిపాదన మీద మా అభిప్రాయం చెప్పవలసి ఉన్నది. మన దేశంలో ఫుట్‌బాల్ వైరానికి పుట్టినిల్లయిన ఊరికి వచ్చాము కనుక, అక్కడి వారు ఈ సమస్యను ఎలా పరిష్కరించుకున్నారో చూసిపోదామని బయలుదేరాము.

ఎస్ప్లనేడ్ కూడలి నుంచి పడమరగా నాలుగడుగులు వేస్తే నగరపు రొద వెనుకబడి, పచ్చని మైదాన్ ఎదురవుతుంది. 1757లో ప్లాసీ యుద్ధం జరిగిన పిమ్మట ఆంగ్లేయులు కొత్త విలియం కోటను కట్టుకుని, ఫిరంగుల గురికి అడ్డు లేకుండా చుట్టూ అడవిని నరికించి చదును చేయించిన నేల ఇది. అప్పుడు సైన్యానిదే, ఇప్పుడూ సైన్యానిదే. అందుచేత ఇక్కడ శాశ్వతమైన భవనాలు కట్టడానికి అనుమతి లేదు. క్లబ్బులు తమ కార్యాలయాలను నేటికీ ‘టెంటు’ అనే పిలుచుకుంటాయి. ఈడెన్ గార్డెన్స్‌కు అనతిదూరంలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బుల మైదానాలు ఇరుగుపొరుగు ఇళ్ళవలె ఉన్నాయి. ఇంతటి శత్రువులు ఒకరి కేక ఒకరికి వినిపించేంత దగ్గరగా కాపురముంటారని మేము ఊహించలేదు.

మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911 జులై 29న ఈ మైదాన్‌లోనే ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ జట్టును 2–1 గోల్స్‌తో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డును గెలుచుకున్నది. ఒక్కరు మినహా తక్కిన మోహన్ బగాన్ ఆటగాళ్ళందరూ ఆనాడు వట్టి కాళ్ళతో ఆడారు. బూట్లు తొడిగిన తెల్లదొరలను వారు ఓడించిన ఆ రోజును వంగదేశం ఇప్పటికీ పండుగగా తలచుకుంటుంది. ఈస్ట్ బెంగాల్ పుట్టుక వేరు. 1920లో మోహన్ బగాన్‌తో జరిగిన ఒక పోటీలో జోడాబగాన్ జట్టు తూర్పు బెంగాల్‌కు చెందిన శైలేశ్ బోస్‌ను పక్కన పెట్టగా, ఆ జట్టు పెద్దలలో ఒకరైన సురేశ్ చంద్ర చౌధురి అలిగి బయటికి వచ్చి, మరికొందరితో కలసి అదే ఏడాది ఆగస్టు 1న కొత్త క్లబ్బును స్థాపించారు. కడుపులో దాచుకున్న ఒక అవమానం నుంచి పుట్టిన క్లబ్బు అన్నమాట.

1947లో దేశవిభజన జరిగి తూర్పు బెంగాల్ నుంచి లక్షలాది కాందిశీకులు తరలివచ్చాక, ఆ అవమానానికి ఇల్లూ వాకిలీ కోల్పోయిన దుఃఖం తోడయింది. స్థానికులైన ‘ఘొటి’లది ఆకుపచ్చ, మెరూన్ రంగుల జెండా. తూర్పు నుంచి వచ్చిన ‘బాంగాల్’లది ఎరుపు, పసిడి రంగుల జెండా. చివరకు చేపల మార్కెట్టు కూడా రెండుగా చీలింది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేపకూ, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యకూ ధర పెరుగుతుందని ఇక్కడ నానుడి. ఇలిష్ అంటే మరేమో కాదు, వరదకాలంలో మన గోదావరికి ఎదురీదే పులసే!

ఈస్ట్ బెంగాల్ టెంటు వద్ద ఒక వృద్ధ సభ్యుడు మమ్మల్ని ఆదరంగా కూర్చుండబెట్టి, మట్టి ముంతలలో టీ తెప్పించారు. డెబ్బై ఏళ్ళు పైబడిన మనిషి. తెలుగువారమని చెప్పగానే ఆయన ముఖం విప్పారింది.

“హైదరాబాదు హబీబ్ మీవాడే కదా!” అన్నారు, హిందీ, బెంగాలీ కలగలిపి.

మహమ్మద్ హబీబ్ 1960లలో హైదరాబాదు నుంచి వచ్చి ఈస్ట్ బెంగాల్‌కూ, మోహన్ బగాన్‌కూ, మహమ్మడన్ స్పోర్టింగ్‌కూ కూడా ఆడిన మేటి ఆటగాడు. 1977లో పెలే సభ్యుడుగా వచ్చిన కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2–2 గోల్స్‌తో సమంగా నిలిచినప్పుడు, అందులో ఒక గోలు హబీబ్‌దే. 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూశారు. ఇటు జెండా వారూ అటు జెండా వారూ ఆయనను తమవాడనే చెప్పుకుంటారు.

మా టౌన్‌షిప్ తగాదా చెప్పి, “దాదా, మైదానం పంచుకోవడం మీకు కష్టమనిపించదా?” అని అడిగాము.

ఆయన నవ్వారు. “మీరు కూర్చున్న ఈ మైదానమే మాకూ ఆర్యన్ క్లబ్బుకూ ఉమ్మడి. ఆ సంగతి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే తగాదా లేదు. పెద్ద పోటీలు సాల్ట్‌లేక్ స్టేడియంలో. అది ప్రభుత్వానిది. అక్కడ మేమూ వాళ్ళూ ఇద్దరమూ అద్దెకున్న వాళ్ళమే. కష్టం లేదని అనను. సొంత ఇల్లు లేనివాడి బాధ సొంత ఇల్లున్నవాడికి తెలియదు. వాళ్ళు ఆడిన మూడు రోజులకే మేము ఆడవలసి వస్తే పచ్చిక నలిగి ఉంటుంది. మనకు కావలసిన తేదీ దొరకదు. గోడకు మన రంగు వేసుకోలేము. అయితే ఒక్క సుఖం ఉంది. నన్ను బయటికి పొమ్మనే హక్కు వాడికి లేదు, వాడిని పొమ్మనే హక్కు నాకు లేదు.”

కొంచెం ఆగి, “మా నాన్న బారిసాల్ నుంచి వచ్చి కొన్నాళ్ళు సియాల్దా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పడుకున్నాడు. పొమ్మనిపించుకోవడం ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు,” అన్నారు.

అక్కడినుంచి తిరిగి వస్తూ ఈడెన్ గార్డెన్స్ ముందు కాసేపు నిలబడ్డాము. 1980 ఆగస్టు 16న ఈ రెండు జట్ల లీగు పోటీ ఇక్కడే జరిగింది. మైదానంలో ఆటగాళ్ళ మధ్య మొదలైన ఉద్రిక్తత గ్యాలరీలకు పాకింది. ఘర్షణలో, తొక్కిసలాటలో 16 మంది ప్రేక్షకులు ప్రాణాలు కోల్పోయారు. ఆట చూడటానికి ఇంటి నుంచి బయలుదేరిన బిడ్డలు తిరిగి ఇల్లు చేరలేదు. ఏటా ఆ తేదీన వారి స్మృత్యర్థం నగరంలో ఫుట్‌బాల్ అభిమానులు రక్తదానం చేస్తారు. మా టౌన్‌షిప్‌లో పగిలిన రెండు తలలు ఆ క్షణాన మాకు గుర్తుకు వచ్చాయి. కంచె కావాలనే వారి భయం వట్టిది కాదని అక్కడ నిలబడినప్పుడే మొదటిసారిగా ఒప్పుకున్నాము.

ఎస్ప్లనేడ్‌లో మెట్రో ఎక్కాము. హుగ్లీ నది అడుగు నుంచి వచ్చే ఈ మార్గంలో ఎస్ప్లనేడ్, సియాల్దాల నడుమ భాగం 2025 ఆగస్టులో తెరచుకున్నది. అంతకు ముందు నగరపు ట్రాఫిక్‌లో చాలాసేపు పట్టే దూరం ఇప్పుడు కొద్ది నిమిషాల పని. మొదటి స్టేషన్ సియాల్దా. కాందిశీకులు తలదాచుకున్న ఆ ప్లాట్‌ఫారముల కిందుగా మా రైలు పోతున్నదని తలచుకున్నప్పుడు ముగ్గురమూ కొంతసేపు మాట్లాడుకోలేదు. రెండవది ఫూల్‌బగాన్. మూడవదే సాల్ట్‌లేక్ స్టేడియం.

వివేకానంద యువభారతి క్రీడాంగణం అనేది దీని అసలు పేరు. ఉప్పుకయ్యలను పూడ్చి నిర్మించిన విధాననగర్‌లో 1984లో దీనిని ప్రారంభించారు. 1997 జులై 13న ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్లో ఈ రెండు జట్లూ తలపడినప్పుడు 1,31,000 మందికి పైగా ప్రేక్షకులు వచ్చారు. భైచుంగ్ భూటియా మూడు గోల్స్ చేయగా ఈస్ట్ బెంగాల్ 4–1తో గెలిచింది. 2017లో అండర్–17 ప్రపంచ కప్పు కోసం బెంచీల స్థానంలో విడివిడి కుర్చీలు వేయడంతో సామర్థ్యం సుమారు 66 వేలకు తగ్గింది. ప్రేక్షకులు తగ్గినారని విచారించేవారు ఉండవచ్చు. ఈడెన్ ముందు నిలబడి వచ్చిన మాకు మాత్రం ప్రతి మనిషికీ ఒక కుర్చీ, ఆ కుర్చీకి ఒక సంఖ్య ఉండటం ఎంతో మంచి మార్పుగా తోచింది.

ఆనాడు పోటీ లేదు. బయటి రోడ్డు వెంట ఆ మహానిర్మాణం చుట్టూ నడిచాము. ద్వారాలు అనేకం. ఇరుజట్ల పోటీ ఉన్న రోజున ఒక పక్షం వారు ఒక వైపు ద్వారాల గుండా, రెండవ పక్షం వారు మరొక వైపు ద్వారాల గుండా లోపలికి పోయి, తమకు కేటాయించిన గ్యాలరీలలోనే కూర్చుంటారు. నడుమ పోలీసులు ఉంటారు. కంచె ఇక్కడా ఉన్నది, కాని అది గ్యాలరీలలో ఉన్నది. పచ్చికను ఎవరూ చీల్చలేదు. మా వివాదంలో మేము కంచె వేయదలచినది తప్పు చోట అని ఆ ద్వారాలను చూస్తూ ఉండగా మాకు తట్టింది.

ఇటలీలోని మిలాన్ నగరంలోనూ ఇదే పద్ధతి. 1926లో తెరచిన సాన్ సీరో స్టేడియంలో 1947 నుంచి ఎ.సి. మిలాన్, ఇంటర్ క్లబ్బులు రెండూ ఆడుతున్నాయి. ఉత్తరపు వంపు ఇంటర్ అభిమానులది, దక్షిణపు వంపు మిలాన్ అభిమానులది. నగరపాలక సంస్థ ఆస్తిగా ఉన్న ఆ స్టేడియాన్ని 2025లో రెండు క్లబ్బులూ కలసి కొనుగోలు చేశాయి. కొత్త స్టేడియం కట్టాలని వారి సంకల్పం. అదీ ఉమ్మడిగానే! వేరు పడే అవకాశం వచ్చినప్పటికీ వారు వేరు పడలేదు. ఖర్చు పంచుకోవడం అందులో ముఖ్య కారణమే కావచ్చు. అయినా ఎనిమిది దశాబ్దాలుగా ఒకరి తరువాత ఒకరు అదే పచ్చిక మీదికి నడిచిన అలవాటు లేకుంటే ఆ లెక్క కుదిరేది కాదేమో.

సాల్ట్‌లేక్ స్టేడియం బయట మరొక ఘట్టం కూడా జరిగింది. 2024 ఆగస్టులో కలకత్తాలోని ఒక ప్రభుత్వ వైద్యశాలలో ఒక యువ వైద్యురాలు అత్యాచారానికీ హత్యకూ గురికాగా నగరమంతా అట్టుడికిపోయింది. ఆగస్టు 18న జరగవలసిన డ్యూరాండ్ కప్పు పోటీని భద్రతా కారణాల మీద రద్దు చేశారు. ఆట లేకపోయినా అభిమానులు స్టేడియం వద్దకు వచ్చారు. రెండు జెండాల వారూ, మహమ్మడన్ స్పోర్టింగ్ వారూ కలసి ఆ బిడ్డకు న్యాయం కావాలని నినదించారు. పోలీసుల లాఠీలకు కలిసే ఎదురునిలిచారు. ఒక జట్టు అభిమాని భుజాల మీద మరొక జట్టు అభిమాని కూర్చున్న ఛాయాచిత్రాన్ని దేశమంతా చూసింది. వారికి ఎక్కడ గుమికూడాలో ఎవరూ చెప్పవలసిన పని లేకపోయింది. ఇద్దరికీ తెలిసిన చోటు అదొక్కటే కదా.

తిరిగి వచ్చాక క్రీడాసంఘం సమావేశంలో మా అభిప్రాయాన్ని వ్రాతపూర్వకంగా సమర్పించాము. మైదానానికి నడుమ కంచె వద్దు. ప్రేక్షకుల వైపు రెండు వేరు ద్వారాలు, రెండు వేరు గ్యాలరీలు కావాలి. వారపు దినాలను ఇరుక్లబ్బులకూ పంచి పట్టిక వేలాడదీయాలి. మైదానం చేతులు మారినప్పుడల్లా దాని స్థితిని ఒక పుస్తకంలో వ్రాసి ఇరువురూ సంతకం చేయాలి. ఈ చివరి సూచన కలకత్తాలో నేర్చినది కాదు, మన కర్మాగారంలోనిదే. ‘ఎ’ షిఫ్టు వాడికీ ‘బి’ షిఫ్టు వాడికీ ఎంత పడకపోయినా యంత్రాన్ని అప్పగించేటప్పుడు లాగ్‌బుక్కు నింపకుండా ఎవరూ ఇంటికి పోరు. తరువాత వచ్చేవాడి మీద ప్రేమ ఉండి కాదు, యంత్రం ఇద్దరిదీ గనుక.

తీర్మానం నెగ్గింది. గేటువైపు క్లబ్బు వారు సంతకం చేస్తూనే, ఆదివారాలు తమకు తక్కువ వచ్చాయని కింద తమ అభ్యంతరాన్ని కూడా వ్రాశారు. ఆ పుటను చింపమని కొండవైపు వారు కోరారు. మేము చింపలేదు. రానున్న సీజను మొదటి పోటీ ఈ రెండు క్లబ్బుల మధ్యనే. ద్వారాలకు రంగులు వేయడం ఇంకా పూర్తి కావలసి ఉన్నది.