అమ్మ మోకాలికి ఏ సూది?

మర్రిగూడలో అమ్మ మోకాలు మళ్లీ వాచింది. ఎముకల డాక్టరు మూడు సూదుల మాట చెప్పిండు. స్టెరాయిడ్ వాపును తొందరగా దించుతది, కానీ ఆ ఊరట కొన్ని వారాలే. పైగా షుగరు పెంచుతది, అమ్మకు షుగరుంది. 2017లో అచ్చైన ఒక అమెరికా పరిశోధన చదివి ఇంకా భయపడ్డ: రెండేళ్లపాటు మూణ్నెల్లకోసారి స్టెరాయిడ్ ఇచ్చిన మోకాళ్లలో, ఉప్పునీళ్ల సూది వేసినవాటికంటే మృదులాస్థి ఎక్కువ అరిగింది. నొప్పిలో మాత్రం తేడా లేదు. హైలురోనిక్ జెల్, సొంత రక్తంతో చేసే పీఆర్‌పీ ఖరీదెక్కువ, గట్టి రుజువు తక్కువ.

మా దిక్కు ఇంకో బాధ. ఏండ్లకేండ్లు ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగిన ఒళ్లు. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్‌ను ఏ సూదీ తియ్యదు. ముందు ఎక్స్‌రే తీసి చూడమని అడిగిన. "సూదేదైనా సరే బిడ్డా, కింద కూసోని లేస్తే చాలు" అంటది అమ్మ. సోమవారం మళ్లీ పోతున్నం.